బాబాయి లెన్సులా, కొత్త లెన్సా?

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబుతాను. ఆమె వయసు 31. వారమంతా ఉద్యోగం, సెలవు రోజుల్లో ఫొటోలు. రెండేళ్ల కిందట ఏపీఎస్-సీ సెన్సర్ (ఫిల్ము ఫ్రేము కంటే చిన్న సైజుది) ఉన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరా కొనుక్కుని, దాంతోపాటు వచ్చిన కిట్ లెన్సునే వాడుతూ వచ్చారు. మంచి లెన్సు ఒకటి కొనాలని ఏడాదిగా డబ్బు దాచారు. అది ఒక్కదానికే సరిపోతుంది. ఈలోగా, ఫిల్ము రోజుల్లో ఫొటోలు తీసిన వాళ్ల బాబాయి ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టారు. లోపల మూడు పాత లెన్సులు: ఒక హీలియోస్ 44-2 (58 ఎంఎం ఎఫ్/2), ఒక సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4, పేరు అరిగిపోయిన 135 ఎంఎం ఒకటి. (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కాంతి వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, పెద్దదవుతుంది.) "ఇవుండగా కొత్తది ఎందుకమ్మా? ఇప్పటి లెన్సులు తీసే ఫొటోలో ప్రాణం ఉండదు" అన్నారట. పాత లెన్సుని కొత్త కెమెరాకి తగిలించే అడాప్టర్ తెప్పించుకుని, ఫోకస్ చేత్తో తిప్పుకుంటూ మూడు నెలలుగా ఆమె వాటితోనే తీస్తున్నారు.

చిక్కులు ఇవీ. రెండేళ్ల పాపని వంద ఫొటోలు తీస్తే తొంభై ఫోకస్ తప్పుతున్నాయి. కానీ కిటికీ దగ్గర కూర్చున్న పాపని హీలియోస్‌తో తీసిన ఒక ఫొటో, తన జీవితంలో తీసినవాటన్నిటిలోకీ మంచిదని ఆమె నమ్మకం. రెండు నెలల్లో స్నేహితురాలి పెళ్ళి ఉంది, ఫొటోలన్నీ ఈమే తీయాలి, వేరే ఫొటోగ్రాఫర్ లేరు. టాకుమార్‌లో రేడియేషన్ ఉంటుందని ఆమె భర్త ఎక్కడో చదివి, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో అది వద్దంటున్నారు. ఆ లెన్సు గాజు పసుపు పచ్చగా కూడా ఉందట. 135లో సన్నటి దారాల్లాంటివి కనిపిస్తున్నాయి, ఆ మాట బాబాయికి ఇంకా చెప్పలేదు. ఉత్తరంలో చివరి వాక్యం: "కొత్తది కొంటే బాబాయికి ముఖం ఎలా చూపించను?"

మీ ఉత్తరంలో మూడు పేజీలు లెన్సుల గురించి, ఒక పేజీ బాబాయి గురించి. ఆ ఒక్క పేజీయే ఎక్కువ బరువుగా అనిపించింది నాకు. అయినా లెన్సులతోనే మొదలుపెడతాను. వాటి సంగతి తేలితే బాబాయితో ఏం మాట్లాడాలో మీకే తెలుస్తుంది.

ముందు రేడియేషన్ మాట, ఇంట్లో పాప ఉంది కాబట్టి. మీ ఆయన చదివింది పుకారు కాదు. సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 రెండు రకాలుగా వచ్చింది. మొదట వచ్చిన 8 గాజుల రకంలో థోరియం అనే రేడియోధార్మిక లోహం లేదు, ఆ తర్వాతి 7 గాజుల రకంలో ఉంది. గాజులో థోరియం ఆక్సైడ్ కలిపితే కాంతి బాగా వంగుతుంది, రంగులు మాత్రం పెద్దగా చెదరవు. ఆ రోజుల్లో లెన్సు తయారుచేసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఆ రేడియేషన్ వల్లే గాజుకి పసుపు రంగు తిరుగుతుంది. మీది పసుపు తిరిగిందంటున్నారు కాబట్టి 7 గాజుల రకమే అయ్యుండాలి.

భయం ఎంతవరకు? ఆల్ఫా కిరణాలు గాజు దాటి పెద్దగా రావు. బీటా, గామా కొంత వస్తాయి, ముఖ్యంగా లెన్సు వెనక వైపు. దూరం పెరిగేకొద్దీ అవీ గబగబా తగ్గిపోతాయి. కెమెరాకి తగిలించి ఫొటోలు తీసుకునే మామూలు వాడకంలో ప్రమాదం చాలా తక్కువ. చేయకూడని పనులు మాత్రం ఉన్నాయి. ఆ గాజుని గీకడం, సానపట్టడం వద్దు, ఆ పొడి లోపలికి పోకూడదు. పాపకి ఆడుకోవడానికి ఇవ్వొద్దు. మంచం పక్కన కాకుండా బీరువాలో పై అరలో పెట్టండి. ఇంత చెప్పినా మీ ఆయన మనసు ఒప్పుకోకపోతే వాదించకండి, ఆ ఒక్క లెన్సుని బాబాయి ఇంట్లోనే ఉంచమనండి. మీకు నచ్చిన ఫొటో తీసింది హీలియోస్, టాకుమార్ కాదు కదా.

పసుపు రంగు గురించి దిగులొద్దు. అల్ట్రావయొలెట్ కాంతి తగిలేలా కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఉంచితే చాలావరకు పోతుంది. ఎండలో పెట్టేట్టయితే కింద ఏముందో చూసుకోండి. లెన్సు కూడా భూతద్దం లాంటిదే, ఎండని ఒక చుక్కలోకి పోగేసి కింద ఉన్న గుడ్డనో చెక్కనో కాల్చగలదు. అల్యూమినియం రేకు పరిచి దాని మీద పెట్టడం మేలు. అంత ఓపిక లేకపోతే కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా చూపించే సెట్టింగ్) మార్చుకున్నా సరిపోతుంది.

ఇక బాబాయి చెప్పిన "ప్రాణం". పెద్దాయన ఉత్తినే అనలేదు. కోటింగ్ అనే సన్నటి పూత లేని గాజు మీద కాంతి పడితే ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. హీలియోస్‌లో 6 గాజులు 4 గుంపులుగా ఉంటాయి, అంటే గాలి తగిలే ఉపరితలాలు 8. కోటింగే లేకపోతే లోపలికొచ్చిన కాంతిలో పావు వంతుకు పైనే దారి తప్పేది. 1935లో జర్మనీలోని జైస్ లెన్సుల కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన కోటింగ్ ఈ నష్టానికి మందు. మీ హీలియోస్ కూడా జైస్ వాళ్ల బయోటార్ డిజైన్ ఆధారంగా సోవియట్ యూనియన్‌లో తయారైందే. అయితే అప్పటి ఒంటిపూత కోటింగ్ ఇప్పటి పొరల మీద పొరల కోటింగ్ అంత గట్టిగా పనిచేయదు. మిగిలిపోయిన కాంతి లెన్సు లోపల అటూ ఇటూ కొట్టుకుని, ఫొటోలో నల్లటి భాగాల మీద పల్చటి తెరలా పడుతుంది. దానికితోడు ఎఫ్/2 దగ్గర వెలుగు అంచుల చుట్టూ చిన్న మెరుపు ఊరుతుంది. పాప బుగ్గ మీద మీకు కనిపించిన మెత్తదనం ఈ రెండు లోపాలూ కలిసి చేసిందే. కొత్త లెన్సుల్లో యాస్ఫెరికల్ (వంపు గోళంలా ఉండని) గాజులూ కొత్త కోటింగులూ పెట్టి పనిగట్టుకుని ఆ లోపాలనే తీసేశారు. బాబాయికి లోటుగా కనిపించేది ఆ తీసేసిన భాగం.

కానీ అపర్చర్‌ని ఎఫ్/8కి మూసి తీయండి, ఆ తేడాలో ఎక్కువ భాగం మాయమవుతుంది. కావాలంటే కదలని వస్తువుని ఒకదాన్ని మీ కిట్ లెన్సుతో 50 దగ్గర, టాకుమార్‌తో ఒకసారి, రెండూ ఎఫ్/8లో తీసి వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ఏది ఏదో చెప్పకుండా చూపించమని మీ ఆయన్ని అడగండి. మధ్య భాగం చూసి గుర్తుపట్టడం కష్టం. (ఈ పరీక్ష బాబాయికి పెట్టమని మాత్రం నేను అనను.)

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. హీలియోస్ అనగానే అందరూ వెనక ఆకులు సుడి తిరిగినట్టు కనిపించే ఫొటోల గురించి చెబుతారు. మీ ఫొటోల్లో ఆ సుడి సరిగా రావడంలేదని, బాబాయి పాత ఆల్బంలో మాత్రం ఉందని రాశారు. తప్పు మీ చేతిలో లేదు. ఫ్రేము అంచుల వైపు వెళ్లేకొద్దీ ఆ లెన్సులో వెలుగు చుక్కలు గుండ్రంగా ఉండక పిల్లి కన్నులా నొక్కుకుపోతాయి, సుడి పుట్టేది అక్కడే. బాబాయి ఫిల్ము 36 బై 24 మిల్లీమీటర్లు. మీ సెన్సర్ దానికంటే చిన్నది, అంచులన్నీ కోసేసి మధ్య భాగమే చూస్తుంది. మీ దగ్గర 58 ఎంఎం లెన్సు సుమారు 87 ఎంఎంలా, 50 కాస్తా 75లా, 135 అయితే 200లా పనిచేస్తాయి. అంటే బాబాయి మీకిచ్చింది ఆయన వాడిన లెన్సులే గాని ఆయన చూసిన చూపు కాదు. మధ్యలో గాజు ఉన్న ఫోకల్ రెడ్యూసర్ అడాప్టర్ పెడితే ఆ అంచులు చాలావరకు తిరిగొస్తాయి, ఆ గాజు మంచిదైతేనే. ఇది తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చు.

పాప ఫొటోలు తొంభై తప్పుతున్నాయంటే నాకు ఆశ్చర్యం లేదు, పది కుదురుతున్నందుకు మెచ్చుకోవాలి. 58 ఎంఎం, ఎఫ్/2, మనిషి మీటరు దూరంలో ఉంటే మీ కెమెరాలో షార్ప్‌గా వచ్చే మందం మొత్తం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కంటి మీద ఫోకస్ పెట్టి బటన్ నొక్కేలోపు పాప తల వేలెడు మందం కదిలితే చాలు, కన్ను పోయి చెవి వస్తుంది. ఆరుబయట పరుగెత్తే పిల్లకి మాత్రం పాతకాలం ఉపాయం ఒకటి ఉంది. ఎఫ్/8 పెట్టి, లెన్సు మీది అంకె 3 మీటర్ల దగ్గర ఆపేసి, ఫోకస్ ముట్టుకోకుండా తీయండి. సుమారు 2.6 నుంచి 3.5 మీటర్ల మధ్య పాప ఎక్కడున్నా బాగానే వస్తుంది. లెన్సు మీద చెక్కిన గీతలు ఇంకాస్త ఎక్కువ మందం చూపిస్తాయి, అవి ఫిల్ముకి కట్టిన లెక్క. ఇంట్లో వెలుగు తక్కువ కాబట్టి ఈ ఉపాయం అంతగా సాగదు. అక్కడ పాప ఏదో పనిలో మునిగి ఉన్నప్పుడే పాత లెన్సు తీయండి. మీ కిటికీ ఫొటో అలా వచ్చిందే కదా! పాప అద్దం మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుందని, మీరు చాలాసేపు కదలకుండా చూశారని రాశారు. అందులో హీలియోస్ వాటా ఉంది, పక్క నుంచి పడిన వెలుగు వాటా ఉంది, ఆగి చూసిన మీ ఓపిక వాటా ఇంకా ఎక్కువ ఉంది. అదే వెలుగులో కిట్ లెన్సుతోనూ ఓ నాలుగు తీసి చూడండి. మీకు నచ్చేది లెన్సా, ఆ నిదానమా అన్నది తెలిసొస్తుంది.

పెళ్ళి దగ్గరికొద్దాం. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పకపోతే మోసం చేసినట్టే. దగ్గరి బంధువుల పెళ్ళికి సరదాగా హీలియోస్ ఒక్కటే పట్టుకెళ్లాను. 44-2లో అపర్చర్‌కి రెండు రింగులుంటాయి. ఒకటి ఎంతవరకు మూయాలో నిర్ణయిస్తుంది, రెండోది క్లిక్ శబ్దం లేకుండా జారుతూ మూస్తుంది, తెరుస్తుంది. ఆ రెండో రింగు ఎప్పుడు తిప్పానో తెలియదు, ఎఫ్/11కి వెళ్లిపోయింది. పాత లెన్సు కెమెరాతో మాట్లాడదు, తెర మీద అపర్చర్ అంకె కనిపించదు. ఐఎస్ఓ (కాంతికి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో ఉండడంతో కెమెరా దాన్ని పెంచుకుంటూ పోయి వెలుగు సరిగ్గానే చూపించింది. ఇంటికొచ్చి చూస్తే గంటసేపు తీసినవన్నీ ఇసుక చల్లినట్టున్నాయి. ఎప్పుడూ నవ్వని ఒక పెద్దావిడ ఆ రోజు నోరారా నవ్వింది. ఫోకస్ సరిచూసుకోవడానికి తెరని పెద్దది చేసి చూస్తుండగానే తల తిప్పేసింది. నాకు పక్కన అసలు ఫొటోగ్రాఫర్లు ఇద్దరున్నారు కాబట్టి పరువు దక్కింది. మీకు ఎవరూ లేరు.

అందుకే పెళ్ళికి కంటిని గుర్తుపట్టి ఫోకస్ చేసే లెన్సు ఒకటి చేతిలో ఉండాల్సిందేనని నా అభిప్రాయం. అది ఎలా అన్నది మీ ఇష్టం.

దాచిన డబ్బుతో కొనేయొచ్చు. అలాగైతే పాతదా కొత్తదా అన్నదానికంటే ముందు ఎంత వెడల్పు చూపించేది కావాలో తేల్చుకోండి. గదిలో పదిమందిని నిలబెట్టి తీయాలంటే 87లా పనిచేసే లెన్సుతో మీ వీపు గోడకి తగులుతుంది. 35 ఎంఎం ఎఫ్/1.8 తరహాది మీ కెమెరాలో మామూలు చూపు ఇస్తుంది, తేలిగ్గా ఉంటుంది, పాపకీ పనికొస్తుంది. అంతటా ఎఫ్/2.8 ఉండే 17 నుంచి 50 వరకు తరహా జూమ్ అయితే పెళ్ళంతా ఒక్కదానితో లాగించొచ్చు గాని బరువూ ఖర్చూ ఎక్కువ, పెళ్ళయ్యాక రోజూ బ్యాగులో పెట్టుకుంటారా అన్నది అనుమానమే. పెళ్ళి కోసమే అయితే జూమ్, ఆ తర్వాతి పదేళ్ల కోసమైతే 35 అంటాను.

కొనకుండా అద్దెకి తెచ్చుకోవచ్చు. డబ్బు మిగులుతుంది, బాబాయి ముందు "కొన్నాను" అనాల్సిన పనీ ఉండదు. కాకపోతే ఒక రోజు ముందే తెచ్చుకుని ఇంట్లో పాప వెంట పరుగెత్తి చేయి అలవాటు చేసుకోవాలి. పెళ్ళిలో మొదటిసారి ముట్టుకుంటే మెనూలు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. పాప సమస్య మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఈ రెంటి మధ్యలో, డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా) కాలంనాటి ఆటోఫోకస్ లెన్సుని సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఎలక్ట్రానిక్ అడాప్టర్‌తో వాడేవాళ్లూ ఉన్నారు. ఖర్చు తగ్గుతుంది. ఫోకస్ ఎంత చురుగ్గా ఉంటుందన్నది కెమెరా, అడాప్టర్, లెన్సు మూడూ ఎలా కలుస్తాయన్నదాని మీద ఉంటుంది, మీ కెమెరాకే తగిలించి చూడకుండా డబ్బు ఇవ్వకండి. పాత రూపు ఇచ్చే కొత్త మాన్యువల్ (చేత్తో ఫోకస్ చేసే) లెన్సులు కూడా దొరుకుతున్నాయి, అవి మీకు అక్కర్లేదు. ఆ పని చేసేవి ఇంట్లో ఉన్నాయి.

పాత లెన్సులతోనే పెళ్ళి తీస్తానంటారా, అదీ చేయొచ్చు. అప్పుడు స్నేహితురాలికి ఇప్పుడే విడమరిచి చెప్పండి: కొన్ని క్షణాలు తప్పిపోతాయి, ఇంకొకరిని కూడా పెట్టుకో అని. ఆమె సరేనంటే ఆ రోజు మీ అంత హాయిగా ఇంకెవరూ ఉండరు. ఆమె ముఖం చిన్నబుచ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే. ఏ దారిలో వెళ్లినా హీలియోస్ బ్యాగులో ఉండనివ్వండి. పెళ్ళికూతురు తయారై కాసేపు ఒంటరిగా కూర్చునే సమయం ఒకటుంటుంది, అప్పుడు తీయండి.

కొత్త లెన్సు వైపు మాట్లాడుతున్నాను కదా అని బాబాయి వాదన కొట్టిపారేయడం లేదు. మీ అడాప్టర్ లోపలికి చూశారా? గాజు లేదు, ఉత్త గొట్టం. ఆయన లెన్సులు ఎం42 మౌంటువి (మౌంటు అంటే లెన్సు కెమెరాకి తగిలే చోటు): 42 మిల్లీమీటర్ల మర, అక్కడి నుంచి ఫిల్ముకి 45.46 మిల్లీమీటర్ల దూరం. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ దూరం సోనీ ఈ మౌంటుకి 18, నికాన్ జెడ్‌కి 16, క్యానన్ ఆర్ఎఫ్‌కి 20. మిగిలిన ఖాళీలో గొట్టం పడుతుంది. రేపు మీరు కంపెనీ మారినా గొట్టం మార్చుకుంటే చాలు. మీరు కొనబోయే కొత్త లెన్సుకి ఆ స్వేచ్ఛ తక్కువ. దాని లోపలి మోటారు పోతే విడిభాగాలు దొరికినంత కాలమే దానికి ఆయుష్షు. హీలియోస్ బిగుసుకుపోతే విప్పి, గ్రీజు మార్చి బిగిస్తే మళ్లీ తిరుగుతుంది.

135 మిగిలింది. అపర్చర్ పూర్తిగా తెరిచి, చీకటి గదిలో వెనక నుంచి టార్చ్ ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. చుక్క నుంచి నాలుగు వైపులా పాకిన సాలెగూడులా ఉంటే ఫంగస్. అద్దం మీద ఊదినట్టు తెల్లటి పొర ఉంటే హేజ్. అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులో బుడగలా మెరిస్తే రెండు గాజులని అతికించిన జిగురు విడిపోతోందని అర్థం. విడివిడిగా నాలుగు దుమ్ము కణాలే అయితే పట్టించుకోకండి, ఫొటోలో కనిపించవు. మీరు వర్ణించిన తీరు ఫంగస్‌లాగే ఉంది. మొదట్లోనే శుభ్రం చేయిస్తే పోతుంది, ఆలస్యమైతే కోటింగ్‌ని తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. అందాకా దాన్ని మిగతా రెంటితో ఒకే పెట్టెలో ఉంచకండి. ఫంగస్‌కి నచ్చేది తేమ, చీకటి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

ఈ మాట బాబాయికి చెప్పడానికి ఎందుకు జంకుతున్నారో అర్థమవుతోంది. ఆయన ఇచ్చింది పాడైందంటే ఆయన్ని తప్పుపట్టినట్టు ఉంటుందని. నాకైతే అటునుంచి చూడబుద్ధవుతుంది. అన్నేళ్లు లెన్సులతో బతికిన మనిషికి ఫంగస్ కొత్త కాదు, ఆయన కెమెరాలు పక్కన పెట్టాక తెరిచి చూసేవాళ్లు లేకనే అది పట్టింది. "బాబాయ్, ఇది చూడు, ఏం చేద్దాం?" అని మీరడిగితే ఆయనకి మళ్లీ పని దొరుకుతుంది. కొత్త లెన్సు మాట కూడా అప్పుడే ఎత్తండి, దాచిపెట్టి తర్వాత దొరికిపోవడం కంటే నయం. పెళ్ళిలో ఒక్క క్షణం తప్పినా మళ్లీ రాదన్న సంగతి మనందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఫిల్ము రోజుల్లో రోలుకి 36 ఫొటోలతో ఆ పని చేశాడాయన, వచ్చిందో లేదో కడిగేదాకా తెలిసేది కాదు. అప్పట్లో ఈ ఆటోఫోకస్ ఉండుంటే వాడేవాడివా అని అడిగి చూడండి. వాడేవాణ్ణి కాదంటాడేమో, అన్నా పోట్లాడకండి.

ఆదివారం బాబాయి దగ్గరికి వెళ్లేటప్పుడు కిటికీ ఫొటోని కాస్త పెద్ద సైజులో ప్రింట్ తీయించి తీసుకెళ్లండి. 135 కూడా పట్టుకెళ్లండి. టార్చ్ మర్చిపోకండి.